నీళ్ళ లెక్క తప్పింది

పోయిన వారం మనం పిల్లల వార్డులో, కిటికీ పక్క మంచం దగ్గర, చేతిలో అట్ట పట్టుకున్న సిస్టర్‌ని అలాగే నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ వారం రోజులుగా ఒకే ప్రశ్న అడుగుతూ ఉంది: "తాగిన నీళ్ళన్నీ ఎక్కడికి పోయాయి?"

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. ఆ మంచం మీద ఉన్న ఎనిమిదేళ్ళ పిల్లను ఇంట్లో, బళ్ళో, చివరికి ఈ ఆస్పత్రిలో కూడా అందరూ పిడుగు అనే పిలుస్తారు. సాధారణంగా మెడలోనో చంకలోనో తేలే లింఫోమా గడ్డ, ఈ పిల్లకు ఊపిరితిత్తుల మధ్య పుట్టింది. పుట్టి ఊరుకోకుండా పక్కనే ఉన్న గుండెను ఆనుకుని, దాని పైపొరలోకీ గోడలోకీ కూడా పాకింది. గుండె చుట్టూ నీరు చేరి ఊపిరి అందకపోతే, ఆరు రోజుల కిందట ఛాతీలోకి సూది దించి ఆ నీరు తీశారు. ఆ నీటిలోనే జబ్బు పేరు దొరికింది. మర్నాడే మందు మొదలుపెట్టారు. పిల్ల తేరుకుంది. రెండు రోజుల కిందట ఐసీయూలో ఒంటికి తగిలించిన తీగలన్నీ పీకేసి ఈ వార్డుకు మార్చారు.

తోడుగా ఉన్నది తాత, తల్లికి తండ్రి. నలభై ఏళ్ళుగా నీళ్ళ పంపులు బాగుచేసిన మేస్త్రీ. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన మోటారు మీద ఆనించి, పిడి చెవికి ఆనించి, లోపల ఏ బేరింగు అరిగిందో చెప్పగలడు. అలాంటి మనిషిని పట్టుకుని నీళ్ళు ఎక్కడికి పోయాయని అడగడమంటే, వంటవాణ్ణి పట్టుకుని కూరలో ఉప్పు వేశావా అని అడగడమే. ఆయన మొహం కందగడ్డలా అయిపోయింది.

"అమ్మా, లెక్క నేనే రాశాను. తప్పే పని లేదు" అన్నాడు.

నిజంగానే ఆయనే రాశాడు. మంచం కాళ్ళవైపు వేలాడే అట్ట మీద రెండు గళ్ళు ఉంటాయి. 'లోపలికి' ఒకటి, 'బయటికి' ఒకటి. పిల్ల తాగిన ప్రతి గ్లాసూ మొదటి గడిలో, పోసిన మూత్రం కొలిచి రెండో గడిలో రాయాలి. ఆస్పత్రివాళ్ళిచ్చిన ప్లాస్టిక్ గ్లాసును మేస్త్రీ మొదటిరోజే నమ్మలేదు. ఇంటి నుంచి స్టీలు గ్లాసు తెప్పించి, నూట యాభై మిల్లీలీటర్లు కొలిచి పోసి, ఆ మట్టానికి ఆకురాయితో గీత గీశాడు. రోజుకు ఎనిమిది గ్లాసులు. చెవి మీద పెట్టుకున్న పెన్సిల్ తీసి ఎనిమిది గీతలు. అంత పక్కాగా ఉండే లెక్కను ఎవరు తప్పంటారు?

డాక్టరమ్మ అనింది. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని కోటు జేబుల్లో వెతుక్కోవడం ఆవిడ అలవాటు. పిడుగు ప్రతిసారీ "నెత్తి మీద ఉంది" అని అందిస్తుంది. ఇవాళ పిల్ల ఏమీ అందించలేదు. దుప్పటి గడ్డం దాకా లాక్కుని పడుకుంది. డాక్టరమ్మే తడుముకుని కళ్ళజోడు దించుకుని అట్ట చూసింది.

"మేస్త్రీగారూ, నోటితో తాగింది, సెలైన్‌లో ఎక్కింది కలిపితే లోపలికి బాగానే పోయింది. బయటికి వచ్చింది అందులో సగం లేదు. వాంతి లేదు, చెమట లేదు. మిగతా నీళ్ళు ఒంట్లోనే ఉండాలి. ఒంట్లో అంటే నా భయం ఒక్కచోటే, మళ్ళీ గుండె చుట్టూ చేరుతోందేమోనని. పొద్దున రక్తపరీక్షలో కిడ్నీల మీద కూడా భారం కనబడుతోంది. గుండె స్కాన్ మిషన్ వేరే వార్డులో ఉంది, గంటలో వస్తుంది. అప్పటిదాకా సెలైన్ బాగా తగ్గిస్తాను. ఆరింటికి ఎక్కించాల్సిన మందు ఆపుతాను."

"ఆపితే?" అన్నాడు మేస్త్రీ.

"ఆపడం నాకూ ఇష్టం లేదు. ఇది తొందరగా కరిగే గడ్డ. వదిలిపెడితే అంత తొందరగానూ పెరుగుతుంది. కానీ గుండె చుట్టూ మళ్ళీ నీరుంటే ముందు అది తీయాలి కదా."

"తీయడమంటే, సూదా?" ఆ మాట మేస్త్రీ మెల్లిగానే అడిగాడు. అయినా దుప్పటి కింద పిల్ల ఉలిక్కిపడటం అందరికీ కనబడింది.

సరిగ్గా అప్పుడే వచ్చింది పిల్ల తల్లి. బస్టాండులో టికెట్ల కౌంటర్ దగ్గర ఆవిడ ఉద్యోగం. పొద్దుటి డ్యూటీ దిగి, మెడలో గుర్తింపు కార్డు కూడా తీయకుండా పరుగున వచ్చింది. ముగ్గురి మొహాలూ చూసి విషయం అడగక్కర్లేకపోయింది. సిస్టర్ రెండు మాటల్లో చెప్పింది. ఆవిడ మంచం చివర కూలబడి, కూతురి పాదాలు ఒళ్ళో పెట్టుకుంది.

మేస్త్రీకి ఎక్కడైనా కూర్చోవాలనిపించింది. తలగడ పక్కనున్న కుర్చీలో ఆయన వేడినీళ్ళ సంచీ ఉంది. ఎర్ర రబ్బరు సంచీ. రాత్రిళ్ళు మోకాళ్ళకు కాపడం పెట్టుకోవడానికి తెచ్చుకున్నాడు. దాన్ని పక్కన పెట్టి కూర్చుందామని ఎత్తాడు.

ఎత్తి, అలాగే నిలబడిపోయాడు.

సంచీ నిండుగా ఉంది, చల్లగా ఉంది. నిన్న సాయంత్రం కూడా ఇలాగే నిండుగా, చల్లగా ఉంటే, రాత్రి నీళ్ళు పారబోయడం మర్చిపోయాను కాబోలు, ముసలితనం వచ్చిపడింది అని తనను తాను తిట్టుకుంటూ పారబోశాడు. కానీ ఇవాళ అలా కాదు. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు తన చేత్తోనే మూత తీసి, ఒంపి, తలకిందులుగా ఆరబెట్టి, మూత బిగించి మరీ ఇక్కడ పెట్టాడు. ఆ సంగతి ఆయనకు బల్ల గుద్ది చెప్పగలిగినంత ఖాయంగా గుర్తుంది.

మూత తీశాడు. అరచేతిలోకి కాస్త ఒంపుకున్నాడు. మంచినీళ్ళు.

సిస్టర్ చెయ్యి అప్పటికి సెలైన్ గొట్టం మీద ఉన్న చక్రం దగ్గరికి పోయింది.

"ఆగమ్మా!" అని అరిచాడు మేస్త్రీ. పక్క మంచం మీద పిల్లవాడు అదిరిపడి చేతిలో బొమ్మ వదిలేశాడు. "తిప్పకు, ఆగు. నీళ్ళు దొరికాయి."

ఆయన సంచీని రెండు చేతులతో పట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు. కోపంగా అడుగుదామనుకున్నాడు గానీ గొంతు తగ్గించే అడిగాడు. "పిడుగూ, ఇదేంటమ్మా?"

పిల్ల తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూసింది. తర్వాత పెదవి వణికింది.

"నేను తాగలేదు తాతా."

"ఎన్ని గ్లాసులు?"

"అన్నీ. మాత్ర మింగేటప్పుడు రెండు గుక్కలు తాగా. అంతే."

"నా కళ్ళ ముందే గ్లాసు ఇస్తున్నానే! నేను ఇక్కడే ఉంటున్నానే!"

"లిఫ్టులో చప్పుడు వస్తోంది చూడు తాతా అంటే నువ్వు వెళ్తావుగా."

రెండు రోజులుగా, గ్లాసు చేతికిచ్చిన ప్రతిసారీ, ఈ పిల్ల చెవి రిక్కించి "తాతా, లిఫ్టు మోటారు అదోలా కూస్తోంది" అనడం, తను వరండా చివరి దాకా పోయి లిఫ్టు తలుపుకు చెవి ఆనించి నిలబడటం, తిరిగి వచ్చేసరికి ఖాళీ గ్లాసు నవ్వుతూ ఎదురుకావడం, అన్నీ మేస్త్రీ కళ్ళ ముందు తిరిగాయి.

"అంటే లిఫ్టులో చప్పుడు లేదా?" అన్నాడు.

"లేదు."

"బేరింగు మార్చమని నిన్న లిఫ్టతనితో గంటసేపు పోట్లాడానే!"

సిస్టర్ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. డాక్టరమ్మ నవ్వలేదు. స్టూలు లాక్కుని, మంచానికి దగ్గరగా, పిల్ల కళ్ళకు సమానంగా కూర్చుంది.

"ఎందుకమ్మా తాగలేదు? కడుపులో తిప్పుతోందా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. తాత వైపు చూసింది. చెప్పేస్తే తాతకు దెబ్బ తగులుతుందని తెలిసిన చూపు అది.

"తాత చెప్పాడు. సంపులో నీళ్ళు మరీ నిండిపోతే మోటారు మునిగిపోతుందని. మునిగితే కాలిపోతుందని. అందుకని పైనుంచి వచ్చే నీళ్ళు కట్టేయాలని. నా గుండె చుట్టూ నీళ్ళు నిండాయని మీరే అన్నారుగా. ఇంకా తాగితే ఇంకా నిండుతాయి కదా. అప్పుడు మళ్ళీ ఇక్కడ గుచ్చుతారు." ఛాతీ మీద, అతికించిన దూది పక్కన, వేలు పెట్టి చూపించింది. "నాకు చాలా దాహం వేసింది అమ్మా. అయినా తాగలేదు."

తల్లి ఆ పాదాలు వదలకుండానే తండ్రి వైపు తిరిగింది. ఆరు రోజులుగా దిగమింగుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

"ఎందుకు చెప్పావు నాన్నా? చిన్నపిల్ల అది! ప్రతిదానికీ నీ పంపులూ, నీ సంపులూ! నువ్వేమన్నా డాక్టరువా? పిల్ల గొంతు ఎండగట్టుకుని పడుకుందట, రెండు రోజులు! పక్కనే కూర్చుని గీతలు గీస్తున్నావు నువ్వు!"

వార్డుకు వచ్చిన రోజు పిల్ల భయపడుతుంటే మేస్త్రీ, తెలిసిన భాషలో చెబితే భయం పోతుందని చెప్పాడు. పిల్ల వెంటనే ఊరుకుంటే, తను గొప్పగా చెప్పాననుకుని మురిసిపోయాడు కూడా. ఊరుకున్నది భయం పోయి కాదు. ఏం చేయాలో తనకు తానే తీర్పు చెప్పుకుని ఊరుకుంది. గ్లాసును కొలవడానికి ఆకురాయి తెప్పించినవాడు, పిల్ల గొంతు కదులుతోందో లేదో చూడలేకపోయాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తాతను తిట్టకమ్మా. తాత తాగద్దని చెప్పలేదు. నేనే అనుకున్నా" అంది పిడుగు.

డాక్టరమ్మ ఆ సంచీని చేతిలోకి తీసుకుని బరువు చూసింది. "మీరిద్దరూ తర్వాత తీరిగ్గా పోట్లాడుకోండి. ముందు నేను ఒక మాట చెప్పాలి. ఈ సంచీ దొరక్కపోయి ఉంటే, ఒళ్ళు ఎండిపోతున్న పిల్లకు నేను సెలైన్ తగ్గించి ఉండేదాన్ని. దొరికింది. అదే పదివేలు." సిస్టర్ వైపు తిరిగి, "తగ్గించొద్దు. కొంచెం పెంచండి, మరీ వేగంగా కాదు, గుండె ఇంకా నీరసంగానే ఉంది. మిగతాది నోటితోనే పోవాలి. రక్తం ఇంకోసారి తీసి ల్యాబుకు పంపండి" అంది.

"డాక్టరమ్మా, నాకొక ఉపకారం చేయండి" అన్నాడు మేస్త్రీ. "అసలు లోపల జరుగుతున్నదేంటో నాకు చెప్పండి. ముందు నాకు సరిగ్గా అర్థం కావాలి. తప్పు పాఠం చెప్పింది నేను, దిద్దాల్సింది కూడా నేనే."

ఆవిడ ఆయన్ను వరండాలోకి తీసుకెళ్ళింది. పది నిమిషాలు చెప్పింది. ఆయన మూడు ప్రశ్నలు అడిగాడు. మూడో ప్రశ్నకు ఆవిడ, "ఈ ప్రశ్న మా విద్యార్థులు అడగరండీ" అందని సిస్టర్ తర్వాత అందరికీ చెప్పుకుంది. తిరిగి వచ్చి ఆయన కుర్చీ లాక్కున్నాడు.

"పిడుగూ, మొన్న నేను చెప్పింది తప్పు. వెనక్కి తీసుకుంటున్నా."

"మొత్తమా?"

"మొత్తం. నువ్వు తాగే నీళ్ళకు దారి వేరు. గుండె చుట్టూ చేరిన నీరు వేరు. అది సంపులో నీళ్ళలా పైనుంచి వచ్చి పడలేదు. గడ్డ ఒరుసుకుని గుండె పైపొర చెమర్చింది, ఆ చెమ్మే నిండింది. గడ్డ పోతే చెమ్మ ఆగుతుంది. సరేనా? ఇప్పుడు నువ్వు చెప్పు. కొత్తగా బోరు వేస్తే మొదట ఏం వస్తాయి?"

"బురద నీళ్ళు."

"అప్పుడు ఏం చేస్తాం?"

"వదిలేస్తాం. తేటపడేదాకా. నన్ను పైపు పట్టుకోమంటావు, నా గౌనంతా బురద చేస్తావు."

"మందు ఇప్పుడు నీ గడ్డను పగలగొడుతోంది. ఆ పగిలిన బురదంతా నీ రక్తంలోకి దిగుతోంది. అది బయటికి పోవాలి. మరి బురద వస్తుండగా నీళ్ళు కట్టేస్తే ఏమవుతుంది?"

పిల్ల ఆలోచించింది. ఎప్పటిలాగే నుదురు ముడిపడింది. ఉన్నట్టుండి కళ్ళు పెద్దవి చేసింది.

"పైపు అడుగున జల్లెడ మూసుకుపోతుంది!"

"నీ జల్లెడలు నీ కిడ్నీలు."

"అమ్మో" అంది పిడుగు. "గ్లాసు ఇవ్వు తాతా."

గీత దాకా పోసి ఇచ్చాడు. ముగ్గురు పెద్దవాళ్ళు ఒక పిల్ల గొంతు వైపు అలా చూడటం ఆ వార్డులో ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. గుటక, గుటక, గుటక. రెండు రోజుల దాహం. గ్లాసు దించి, మోచేత్తో మూతి తుడుచుకుని, "ఇంకోటి" అంది. తల్లి ఏడుస్తూ నవ్వింది. మెల్లిగా తాగమని సిస్టర్ కసిరింది.

"ఇంకొక్క మాట" అన్నాడు మేస్త్రీ. "కొట్టుకు మోటారు తెచ్చేవాళ్ళలో కొందరుంటారు. ఏమైందయ్యా అంటే ఏం కాలేదంటారు. ఏ చప్పుడు వచ్చిందో చెప్పరు, ఎక్కడ కాలిందో చెప్పరు. దాచిపెడితే మేస్త్రీ ఏం బాగుచేస్తాడు? ఇకనుంచి నువ్వు నా దగ్గర, డాక్టరాంటీ దగ్గర ఏదీ దాచకూడదు. నేనూ నీ దగ్గర దాచను. తెలియనిది తెలియదనే చెబుతా."

పిల్ల చెయ్యి చాచింది. ఇద్దరూ బేరం కుదిరినవాళ్ళలా చేతులు కలిపారు. అయితే పిల్ల చెయ్యి చాచేముందు ఒక్క క్షణం తటపటాయించింది. మేస్త్రీ ఆ క్షణాన్ని పట్టించుకోలేదు.

గంట అన్నది గంటన్నర చేసి స్కాన్ మిషన్ వచ్చింది. పిల్ల ఛాతీ మీద చల్లటి జిగురు రాసి డాక్టరమ్మ తెర తనవైపు తిప్పుకుంది. తల్లి కళ్ళు మూసుకుంది. మేస్త్రీ తెర మీద నలుపూ తెలుపూ కదలడం తప్ప ఏమీ అర్థం కాక, డాక్టరమ్మ మొహాన్నే చదవడం మొదలుపెట్టాడు. ముందు ఆ మొహం బిగుసుకుంది. తర్వాత మెల్లగా విచ్చుకుంది.

"చూడండి" అంటూ తెర ఇటు తిప్పింది. "ఇక్కడ ఆరు రోజుల కిందట నా వేలి మందాన నీరుండేది. ఇప్పుడు దారంలా ఉంది, అంతే. మళ్ళీ చేరలేదు. గుండె గోడలో ఇదిగో, ఈ గడ్డ సగానికి సగం తగ్గింది. మందు పనిచేస్తోంది, నేననుకున్న దానికంటే బాగా. రెండో రక్తం రిపోర్టు కూడా బాగుంటే ఆరింటి మందు ఆపక్కర్లేదు. సూది మాటే లేదు."

తల్లి లేచి వచ్చి తండ్రి భుజం మీద తల ఆనించింది. క్షమించమని అడగలేదు, అడగాల్సిన పనీ లేదు. ఆయన ఆ తల మీద చెయ్యి వేసి, "సగం తగ్గిందట" అన్నాడు. మళ్ళీ, "సగం!" అన్నాడు, ఎవరో కాదన్నట్టు.

"ఆంటీ, మా తాత మోటారు వింటాడు. నా మోటారు కూడా వింటాడట" అంది పిడుగు. ఆయన అలా అనలేదు. కానీ కాదనలేదు కూడా. డాక్టరమ్మ నవ్వి, మెడలోని స్టెతస్కోపు తీసి ఆయన చెవులకు తగిలించింది. మిషన్ సర్దుకుని, స్టెతస్కోపు తర్వాత ఇవ్వమని చెప్పి, తలుపు వైపు నడిచింది.

మేస్త్రీ కళ్ళు మూసుకుని విన్నాడు. నలభై ఏళ్ళలో ఎన్ని వేల మోటార్లు విన్నాడో లెక్కలేదు గానీ, ఇలాంటిది ఎన్నడూ వినలేదు. లబ్ డబ్, లబ్ డబ్. చిన్నది, చురుకైనది, ఎంత పట్టుదలగా కొట్టుకుంటోంది! ఆయన పెదవుల మీద నవ్వు విరిసింది. ఇరవై దెబ్బలు లెక్కపెట్టాడు. ఇరవై అయిదు.

ఒక దెబ్బ పడలేదు.

నవ్వు పెదవుల మీదే ఆగింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. ఇరవై రెండు, ఇరవై మూడు. మళ్ళీ ఒక ఖాళీ, ఆ వెనకే ఒక గట్టి దెబ్బ, తడబడి సర్దుకున్నట్టు.

కళ్ళు తెరిచాడు. పిల్ల ఆయన్నే చూస్తోంది. పెదవులు బిగించి, తల అడ్డంగా, ఎవరికీ కనబడనంత చిన్నగా ఊపింది. వద్దు తాతా అన్నట్టు. అంటే పిల్లకు తెలుసు. చెయ్యి కలిపేముందు తటపటాయించింది ఇందుకే. చెబితే ఆరింటి మందు ఆగుతుందేమో. చెబితే మళ్ళీ సూదేమో. తల్లి అప్పుడే ఎన్నాళ్ళకో నిండుగా ఊపిరి తీసుకుంది. డాక్టరమ్మ చెయ్యి తలుపు గడియ మీద ఉంది.

మేస్త్రీ పిల్ల అరచేయి తన చేతిలోకి తీసుకుని, బేరం గుర్తుందా అన్నట్టు ఒకసారి నొక్కాడు. అనాల్సింది పిల్లే అనాలి. అనకపోతే తను అంటాడు. మూడు అంకెలు లెక్కపెడదామనుకున్నాడు.

ఒకటి. రెండు.

"డాక్టరాంటీ, వెళ్ళిపోకండి!" అంది పిడుగు, వార్డంతా వినబడేలా. "లిఫ్టులో చప్పుడు అబద్ధం. నా లోపల చప్పుడు మాత్రం నిజం. పొద్దుటి నుంచీ వస్తోంది."